కాంచన జోడీలు

పేరు చూసి మోసపోవడం కాత్యాయనికి కొత్త కాదు గానీ, మోసపోయి బాగుపడటం మాత్రం అదే మొదటిసారి.

పెర్త్‌లో కానింగ్ వేల్ అనే పేట సగం ఇళ్ళు, సగం గోడౌన్లు. ఆ గోడౌన్లలో ఒకదాన్ని ఎవరో పుణ్యాత్ముడు అద్దెకు తీసుకుని, లోపల ఆకుపచ్చ చాపలు పరిపించి, బాడ్మింటన్ కోర్టులుగా మార్చాడు. ఒక పక్క టైల్స్ షాపు, ఇంకో పక్క కార్ల సొట్టలు తీసే షెడ్డు. శనివారం మధ్యాహ్నమైతే తెలుగువాళ్ళు, మలయాళీలు, మలేషియావాళ్ళు, చైనావాళ్ళు అందరూ అక్కడే. కాత్యాయని మాత్రం ఆట మీద మోజుతో చేరలేదు. ఆఫీసులో పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం ఆమెది. షుగరు గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రానివ్వకండి అని డాక్టరు హెచ్చరిస్తే చేరింది.

చేరింది గానీ జోడీ దొరకలేదు. ఆమెతో ఒకసారి ఆడినవాళ్ళకి రెండోసారికి ఏదో ఒక ఇబ్బంది వచ్చిపడేది. ఒకావిడకి మోకాలు, ఇంకొకావిడకి నడుం, మరొకావిడకి ఏకంగా సిడ్నీ నుంచి ఆడపడుచు. అలా ఎందుకు జరుగుతోందో కాత్యాయనికి తెలుసు. షటిల్ తన మీదికి వస్తుంటే ఆమె చెయ్యి లేవదు, నోరు లేస్తుంది. "మీదండీ!" అని అరిచి పక్కకి తప్పుకుంటుంది. కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి, ఎంత కంగారులోనైనా 'అండీ' వదలదు. ఆ 'అండీ' పూర్తయ్యేలోపు షటిల్ నేల మీద ఉండేది. ఇంట్లోనూ అంతే. పెనం మీది ఆఖరి దోసె, ఫ్యాను కింది కుర్చీ, టీవీ రిమోటు, ఏదైనా సరే ముందు ఎదుటివాళ్ళకే. దాన్ని త్యాగం అనుకునేవాళ్ళు ఉన్నారు. నిజానికి అది భయం. తనదంటూ ఒకటి పుచ్చుకుంటే, అది చెడగొట్టిన పాపం కూడా తనదే అవుతుందని భయం.

ఇలా ఉండగా క్లబ్ సెక్రటరీ జనార్దనరావు గారు వాట్సప్ గ్రూపులో 'లేడీస్ డబుల్స్‌కి ఎవరు ఖాళీ?' అని అడిగారు. కాత్యాయని మొహమాటపడుతూ చెయ్యెత్తిన బొమ్మ పెట్టింది. వెంటనే కింద ఇంకో చెయ్యి లేచింది. పక్కన పేరు చూస్తే, కాంచన.

"మనవాళ్ళేనండీ!" అంటూ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి భర్త ఉపేంద్రకి ఫోన్ చూపించింది. "కాంచనట. ఇంతకంటే తెలుగు పేరు ఎక్కడుంటుంది? కృష్ణా జిల్లా అయ్యుంటారు."

"తమిళావిడేమో," అన్నాడు ఉపేంద్ర క్రికెట్ మీంచి చూపు తిప్పకుండా.

"తమిళావిడైతే పులిహోర తినరేంటి?"

శనివారం పులిహోర డబ్బా పట్టుకుని వెళ్ళింది. కోర్టు పక్కన బెంచీ మీద ఒకావిడ వంగి బూటు లేసు కట్టుకుంటోంది. పొట్టిగా, గట్టిగా, జుట్టు చెవుల దగ్గరికి కత్తిరించుకుని ఉంది. వయసు తనకంటే ఒకటి రెండేళ్ళు ఎక్కువే ఉండొచ్చు. కృష్ణా జిల్లా ఛాయలు ఎక్కడా కనిపించలేదు. అయినా కాత్యాయని ఆశ వదులుకోలేదు. గువాహటి వైపు మనిషి అయ్యుంటుంది, హైదరాబాదులో పెరిగి ఉంటుంది అని తనే ఒక కథ అల్లేసుకుంది.

"నమస్కారమండీ. మీది ఏ ఊరండీ?"

కాంచన మొహం మతాబులా వెలిగిపోయింది. లేచి నిలబడి రెండు చేతులూ జోడించి, "ఓ! థాంక్యూ! థాంక్యూ సో మచ్!" అంది.

ఊరు అడిగితే థాంక్యూ చెప్పడమేమిటో కాత్యాయనికి బోధపడలేదు. ఆవిడ థాయ్‌లాండ్ మనిషి అని, అక్కడ కూడా కాంచనలు, రత్నలు, సుచిత్రలు కావలసినంత మంది ఉన్నారని మాత్రం పావుగంటలో తెలిసింది. తెచ్చిన పులిహోర వెనక్కి తీసుకెళ్ళడం బాగుండదని పెట్టేసింది. కాంచన ఇష్టంగా తిని, పచ్చిమిరపకాయలు ఇంకొన్ని వేసి ఉండాల్సింది అంది. గుంటూరు వాళ్ళు కూడా అనని మాట అది.

ఆ రోజు ఆటలో వింత జరిగింది. షటిల్ కాత్యాయని మీదికి వచ్చింది. కాత్యాయని అలవాటుగా "మీదండీ!" అని అరిచి తప్పుకుంది. కాంచన నెట్ దగ్గర్నుంచి గిర్రున తిరిగి, ఎలా వచ్చిందో ఎవరికీ తెలియకుండా వెనక్కి వచ్చి, దాన్ని అవతలి కోర్టు మూలకి పంపించింది. పంపించి, కాత్యాయని వైపు తిరిగి చిరునవ్వుతో తల వంచింది. మళ్ళీ షటిల్ వచ్చింది, మళ్ళీ "మీదండీ!", మళ్ళీ కొట్టింది, మళ్ళీ నవ్వి తల వంచింది. పని చెప్పేకొద్దీ సంతోషించే మనిషిని కాత్యాయని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎంత మంచి మనిషో, ఎంత సంస్కారమో అనుకుని, మొహమాటం లేకుండా అన్నీ ఆవిడకే అప్పగించింది. ఇద్దరూ గెలిచారు. తర్వాతి శనివారం కూడా గెలిచారు. ఆ పైవారం ఒకావిడ సిడ్నీ ఆడపడుచు వెళ్ళిపోయిందని తనంతట తనే ఫోన్ చేసి, ఆడదాం రమ్మంది. కాత్యాయని జీవితంలో మొదటిసారి, నాకు జోడీ ఉందండీ అని చెప్పింది.

కాంచనకి కారు లేదు. భర్త ఉత్తరాన ఎక్కడో ఇనుప గనుల దగ్గర క్యాంపులో వంటవాడు. రెండు వారాలు అక్కడ, వారం ఇంట్లో. ఆమెకి అక్కడే కానింగ్ వేల్‌లో ఒక బేకరీలో ప్యాకింగ్ పని. ఆట అయ్యాక కాత్యాయని కార్లో దింపేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునే ఇంగ్లీషు ఏ దేశానిదో చెప్పడం కష్టం గనక, దాన్ని ఇక్కడ తెలుగులోనే చెప్పుకోవడం మేలు. అలా సిగ్నల్ సిగ్నల్‌కీ కొంచెం చొప్పున కాంచన తన కథంతా చెప్పింది.

ఆమెది థాయ్‌లాండ్ ఈశాన్యాన చిన్న ఊరు. స్కూలు హాల్లో ఆడటం మొదలుపెట్టి, జిల్లా గెలిచి, బ్యాంకాక్‌లో పెద్ద శిక్షణ శిబిరానికి ఎంపికైంది. అక్కడి గురువుగారు (కోచ్‌ని వాళ్ళు 'ఖ్రూ' అంటారు, అది మన గురువేనట) ఆమె ఆట ఓ పూట చూసి, "చేతులు చురుకు, కాళ్ళు మొద్దు. సింగిల్స్ దండగ. డబుల్స్‌లో నెట్ దగ్గర నిలబెట్టండి" అన్నాడు. మెచ్చుకోలు కాదు, తిట్టూ కాదు, సామాను ఎక్కడ సర్దాలో చెప్పినట్టు చెప్పాడు. ఆ క్షణం నుంచి ఆమె డబుల్స్ మనిషి. ఇంకేమీ కాలేదు, కావాలని అడగనూ లేదు.

డబుల్స్‌లో నెట్ దగ్గర నిలబడే మనిషి బతుకు ఎలాంటిదో బయటివాళ్ళకి తెలియదు. అవతలివాళ్ళు షటిల్ పైకి లేపక తప్పని పరిస్థితి తెచ్చేది ఈవిడ. అలా లేచినదాన్ని వెనకాల నుంచి ఎగిరి ధన్‌మని కొట్టేది జోడీ. చప్పట్లు చప్పుడుకే గానీ పరిస్థితికి పడవు. పేపర్లో ఫోటోలు కూడా అంతే. గాల్లో ఎగురుతున్న జోడీ నిండుగా, అంచున కాంచన మోచేయి. ఒక ఫోటోలో మోచేయి, ఒకదాంట్లో సగం బ్యాటు, జాతీయ ఛాంపియన్లుగా గెలిచిన నాటి ఫోటోలో ఎడమ బూటు. "ఆ బూటు చూసి మా అమ్మ గుర్తుపట్టింది," అంది కాంచన నవ్వుతూ. కాత్యాయని నవ్వాలో వద్దో తెలియక గేరు మార్చింది.

జోడీలు మారుతూ వచ్చారు. పొడుగ్గా ఉండే మొదటి అమ్మాయిని మిక్స్‌డ్ డబుల్స్‌కి తీసుకెళ్ళారు. రెండో అమ్మాయి ఫార్మసీ చదువుకి పోయింది. మూడో అమ్మాయికి పెళ్ళయింది. నాలుగో అమ్మాయితో హనోయ్‌లో ఒక అంతర్జాతీయ పోటీలో సెమీ ఫైనల్ దాకా వెళ్ళింది. తిరిగొచ్చాక క్యాంటీన్‌లో పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి ఉంటే గురువుగారు పక్కనుంచి పోతూ, "రేపట్నుంచి ఆ అమ్మాయి వేరేవాళ్ళతో ఆడుతుంది. నువ్వు కొత్తగా వచ్చిన పిల్లతో ఆడు" అన్నాడు. సరే అంది. ఆ నాలుగో అమ్మాయి కొత్త జోడీతో పెద్ద పెద్ద కప్పులు గెలిచింది. ఆ తర్వాత శిబిరంలో కాంచనకి అదే పనైంది. కొత్త పిల్ల రావడం, కాంచన పక్కన నిలబెట్టడం, ఆట కుదురుకోగానే తీసుకుపోవడం. తోడుపెళ్ళికూతురిగా కూర్చుని కూర్చుని ముసలమ్మ అయినట్టు, తోడుగా ఆడి ఆడి ముప్పై దాటింది.

"నీకు కోపం రాలేదా?" అని అడిగింది కాత్యాయని.

"అందరితోనూ బాగానే ఆడానుగా," అంది కాంచన. అదేం జవాబో కాత్యాయనికి అర్థం కాలేదు. కోపం మాత్రం ఆవిడ తరఫున తనకి బోలెడు వచ్చింది.

నెలలు గడిచేకొద్దీ ఇద్దరి మధ్యా మర్యాదలు తగ్గి చనువు పెరిగింది. కోర్టులో ముందు 'అండీ' పోయింది, 'మీది' మిగిలింది. తర్వాత అదీ పోయి 'నీది' అయింది. అండీ పోయినందువల్ల షటిల్ అందుకునే వ్యవధి కూడా పెరిగి, జోడీ క్లబ్ పోటీలో ఫైనల్‌కి వచ్చేసింది. కాత్యాయని ఆఫీసులో ఎవరూ అడగకపోయినా ఈ సంగతి చెప్పింది.

ఇక్కడే జనార్దనరావు గారు రంగంలోకి దిగారు. తెనాలి మనిషి, నీటి పైపుల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మంచివారే గానీ, ఏదైనా సవ్యంగా నడుస్తుంటే ఎందుకు నడుస్తోందో విప్పి చూడకుండా ఉండలేరు.

"అమ్మా కాత్యాయనీ, ఆవిడకి తెలుగు రాదు. నువ్వు తెలుగులో అరుస్తావు. ఇదేం సిస్టమ్?"

"గెలుస్తున్నాం కదండీ అంకుల్."

"గెలవడం కాదమ్మా, సిస్టమ్ ఉండాలి. రేపు పెన్నెంట్ పోటీల్లో వేరే క్లబ్బులవాళ్ళతో ఆడాలి. అంపైర్ నవ్వుతాడు. కమ్, కమ్, ఇద్దరూ ఇటు రండి."

అని ఇద్దర్నీ నెట్‌కి ఒక పక్కన నిలబెట్టి క్లాసు తీసుకున్నారు. తన గుండె మీద చెయ్యి వేసుకుని "మైన్" అన్నారు. ఎదుటి మనిషి వైపు చూపించి "యువర్స్" అన్నారు. కాంచనతో పదిసార్లు అనిపించారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. జ్ఞానం పంచకుండా ఉండలేని మనిషి కదా, "షీ సేస్ నీది, నీది. నీది మీన్స్ యువర్స్. దట్స్ ఆల్" అని అనువాదం కూడా చేసి పెట్టారు.

"యువర్స్?" అంది కాంచన.

"యువర్స్. నథింగ్ ఎల్స్."

కాంచన తల ఊపింది. ఆ తర్వాత ఆ పూటంతా కరెక్టుగా మైన్, యువర్స్ అంటూ ఆడింది. ఒక్కసారి కూడా నవ్వలేదు, తల వంచలేదు. జనార్దనరావు గారు తన సిస్టమ్ చూసి మురిసిపోయారు.

కార్లో రెండు సిగ్నల్స్ దాటేదాకా కాంచన బ్యాటు తీగలు సర్దుతూ కూర్చుంది. మూడో సిగ్నల్ దగ్గర చెప్పింది. థాయ్‌లో 'దీ' అంటే మంచి. 'నీ దీ' అంటే ఇది బాగుంది అని. 'మీ దీ' అంటే నీలో విషయం ఉంది అని. మొదటిరోజు బూటు లేసు కట్టుకుంటుంటే ఈ ఇండియన్ ఆవిడ ఎదురుగా వచ్చి, చూడగానే నీలో విషయం ఉంది అంది. కోర్టులో తను కొట్టబోయే ప్రతి షాట్‌కీ ముందే నీలో విషయం ఉంది, విషయం ఉంది అని అరిచింది. స్నేహం కుదిరాక ఇది బాగుంది, ఇది బాగుంది అంది. తమకి తెలియని భాషలో ఎవరైనా రెండు ముక్కలు నేర్చుకుని ఇంతగా మెచ్చుకుంటారా అని ఆశ్చర్యపోయింది. మొగుడికి ఫోన్లో కూడా చెప్పుకుంది.

"మధ్యలో ఆ 'దం' ఏమిటో తెలిసేది కాదు," అంది. "మీ-దం-దీ. నీకు ఆయాసం వస్తోందనుకున్నా."

కాత్యాయనికి నవ్వొచ్చింది. నవ్వుతూ పక్కకి చూస్తే కాంచన నవ్వడం లేదు.

"ఖ్రూ ఎప్పుడూ బాగుంది అనలేదు. జోడీలు కూడా అనలేదు. ఆటలో ఎవరు అంటారులే, టైం ఉండదు. నువ్వే అన్నావు. అందుకే వెనక్కి పరిగెత్తి మరీ కొట్టాను. నా కాళ్ళు మొద్దు కదా, అయినా పరిగెత్తాను."

వెనక కారువాడు హారన్ కొట్టాడు. సిగ్నల్ ఎప్పుడు పచ్చబడిందో కాత్యాయని చూడలేదు. బంగారం అని చెప్పి ఇత్తడి గాజులు తొడిగినట్టు సిగ్గుతో చచ్చిపోయింది. తను అరిచింది మెప్పు కాదు, భయం. తన నెత్తి మీది బరువు ఆవిడ నెత్తిన పడేసి, మళ్ళీ ఎంత మంచి మనిషో అని మెచ్చుకుంది, అదీ మనసులో.

ఇంటికొచ్చి ఉపేంద్రని నిలదీసింది. "మీరు ఎప్పుడైనా నన్ను బాగుంది అన్నారా?"

ఉపేంద్ర టీవీ ఆపేశాడు. ఇలాంటి ప్రశ్నకి టీవీ ఆపాలని పాతికేళ్ళ కాపురంలో నేర్చుకున్నాడు. "ఏది? పులిహోరా?"

"పోనీలెండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా జనార్దనరావు గారు ఫోన్ చేశారు. "చూడమ్మా, డైరెక్ట్‌గా చెప్తున్నా, తప్పుగా అనుకోకు. ఫైనల్ గెలిచారా, మీ జోడీనే పెన్నెంట్‌కి పంపిస్తా. ఓడితే మాత్రం కాంచనని అమూల్యతో వేస్తా. ఆవిడది నేషనల్ లెవెల్ ఆట. క్లబ్ ఇంట్రెస్ట్ చూడాలి కదా."

అమూల్య ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, యూనివర్సిటీలో చదువుతోంది. పొడుగ్గా ఉంటుంది, ఎగిరి ధన్‌మని కొడుతుంది. కాత్యాయనికి ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఎప్పుడు కనిపించినా "హాయ్ ఆంటీ" అని సంచీ అందుకునే పిల్ల. జనార్దనరావు గారు అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఎక్కువ బాధ. జోడీ పోతే మళ్ళీ మోకాళ్ళు, నడుములు, ఆడపడుచులు. అంతకంటే, శనివారం సాయంత్రం కార్లో పక్క సీటు ఖాళీ. ఆ ఖాళీ సీటు తలుచుకుంటే ఏడుపొచ్చింది.

కాంచనకి చెప్పింది. ఓడిపోతే నువ్వు అమూల్యతో ఆడాలట అంది. కాంచన సీటు బెల్టు పెట్టుకుంటూ, "సరే" అంది. అంతే. క్యాంటీన్‌లో పళ్ళెం పట్టుకుని అన్నట్టే ఉంటుంది ఆ సరే. కాత్యాయని మనసు చివుక్కుమంది. ఇంత తేలిగ్గా సరే అనడానికి తనూ ఒక నంబరేనా?

ఫైనల్‌కి ఎదురుగా ఇద్దరు మలేషియా అమ్మమ్మలు వచ్చారు. వాళ్ళని చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళెవరూ ఆ క్లబ్‌లో గెలిచింది లేదు. ఇద్దరూ నిలబడ్డ చోటు నుంచి కదలరు. షటిలే వాళ్ళ దగ్గరికి వెళ్తుంది. మధ్యమధ్యలో మనవల గురించి మాట్లాడుకుంటారు కూడా.

మొదటి గేమ్ జనార్దనరావు గారి సిస్టమ్ ప్రకారం ఆడారు. మైన్, యువర్స్, యువర్స్, మైన్. వినడానికి చాలా బాగుంది. చిత్తుగా ఓడిపోయారు. కాంచన కాళ్ళు నిజంగానే మొద్దుబారాయి. తన వంతు వచ్చినవి కొట్టింది, రానివాటి కోసం పరిగెత్తలేదు. డబుల్స్‌లో ఎవరి వంతు వాళ్ళు ఆడితే సరిపోదని ఆ అమ్మమ్మలకి బాగా తెలుసు.

గేమ్‌కీ గేమ్‌కీ మధ్య మంచినీళ్ళు తాగుతుంటే కాత్యాయని ఆమె చెయ్యి పట్టుకుంది. "కాంచనా, ఒక మాట. నిన్న మా అమ్మకి ఫోన్ చేసి కనుక్కున్నా. మా కాకినాడ తెలుగులో నీది అంటే బాగుంది అని కూడా అర్థం ఉందట. జనార్దనరావు గారిది తెనాలి, ఆయనకి తెలియదు."

కాంచన ఆమె మొహంలోకి చూసింది. కాత్యాయనికి అబద్ధమాడటం రాదు. చెవులు ఎర్రబడతాయి. కాంచన ఆ చెవులు కూడా చూసింది. చూసి, సీసా మూత బిగించి, "కాకినాడ మంచి ఊరు" అంది.

రెండో గేమ్‌లో కాత్యాయని గొంతు గోడౌన్ రేకులు అదిరేలా లేచింది. "నీది! నీదీ! అబ్బ, నీదే!" ఈసారి భయపడి తప్పుకుంటూ అనలేదు. ఆవిడ కొట్టిన తర్వాత కూడా అంది, కొట్టి గెలిచిన తర్వాత కూడా అంది, పాయింటు పోయినా అంది. అంపైర్ కుర్చీలో జనార్దనరావు గారు తల పట్టుకున్నారు. పక్క షెడ్డులో సొట్టలు తీసేవాళ్ళు సుత్తులు ఆపి తొంగిచూశారు. కాంచన నెట్ దగ్గర, వెనకాల, మూలల్లో, అన్నిచోట్లా ఉంది. అమ్మమ్మలు మనవల మాట మర్చిపోయారు. గేమ్ వీళ్ళది.

మూడో గేమ్ సమానంగా ఆఖరుకి వచ్చింది. ఇంకొక్క పాయింటు అమ్మమ్మలకి వస్తే అయిపోతుంది. షటిల్ ఇటూ అటూ తిరిగి తిరిగి, కాంచన కుడి మూలకి విసురుగా వెళ్ళి ఒంగి ఉండగా, ఎడమ వైపు ఎత్తుగా లేచి, నిదానంగా కాత్యాయని నెత్తి మీదికి దిగడం మొదలుపెట్టింది. కాంచన అంత దూరం రాలేదు. వస్తుందనుకుని నీది అంటే వచ్చేదేమో కూడా, పడిపోయైనా సరే. కాత్యాయని నోరు తెరిచింది. అయ్యో పాపం, ఆవిడ ఎంతకని పరిగెడుతుంది అనిపించింది. తన మీది జాలి కాదు, మొదటిసారి ఇంకొకరి మీది జాలి. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాదీ!"

అరిచి, కళ్ళు తెరిచే ఉంచి, బలమంతా పెట్టి కొట్టింది. షటిల్ నెట్ పై అంచుకి తగిలి, అటు పోదామా ఇటు పోదామా అని ఒక్క క్షణం ఆలోచించి, ఇటే పడింది.

ఓడిపోయారు. హాలంతా చప్పట్లు. కాత్యాయని బ్యాటు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఏడుపు రావాలి గానీ రాలేదు. పోయింది తన చేతుల్లో పోయింది, ఎవరి మీదా తోసెయ్యలేదు, అయినా భూమి బద్దలవ్వలేదు. చిత్రంగా ఒళ్ళు తేలికైనట్టుంది. కాంచన మెల్లిగా నడిచి వచ్చి, ఆమె బ్యాటు పట్టుకున్న తీరు చూసి, బొటనవేలు కొంచెం పైకి జరిపి పెట్టింది. "ఇలా పట్టుకుంటే దాటేది," అంది.

బయట పార్కింగ్ దగ్గర బార్బెక్యూ పొయ్యి వెలిగించారు. సాసేజీలు ఒక పక్క, శాకాహారులకి మొక్కజొన్న పొత్తులు ఒక పక్క. జనార్దనరావు గారు ఒక చేతిలో పళ్ళెం, ఒక చేతిలో పటకారుతో అందరి మధ్యకీ వచ్చారు. కాత్యాయని మొక్కజొన్న పొత్తు వైపు చూస్తూ నిలబడింది. తీర్పు వినడానికి తలెత్తాలనిపించలేదు.

"వెల్ ప్లేడ్ అందరూ. ఇప్పుడు పెన్నెంట్ సంగతి. కాంచనా, యు విల్ ప్లే విత్ అమూల్య. ఓకేనా?"

ఆయనకి ప్రతి వాక్యం చివరా ఓకేనా అనడం అలవాటు. జవాబు కోసం అడగరు. కానీ కాంచన జవాబు చెప్పింది.

"మై!"

గట్టిగానే అంది. అంటూ చెయ్యి చాపి కాత్యాయని భుజం మీద వేసింది. అమూల్య నోట్లో సాసేజీతో ఆగిపోయింది. జనార్దనరావు గారు పటకారు దించారు. ఆయన మొహం చూడాలి. చేయించిన సాధన వృథా పోలేదు, ఇంత స్పష్టంగా, ఇంత ధీమాగా, సరైన మనిషి మీద చెయ్యి వేసి మరీ "మైన్" అని చెప్తే గురువైనవాడు కాదనగలడా?

"ఆల్రైట్, ఆల్రైట్," అన్నారు గొంతు సవరించుకుని. "యువర్స్. షీ ఈజ్ యువర్స్. ఏమ్మా అమూల్యా?"

"హానెస్ట్లీ, ఐ డోంట్ మైండ్, అంకుల్," అంది అమూల్య. "దే ఆర్ సో క్యూట్."

కార్లో కూర్చున్నాక కాంచన నెమ్మదిగా అంది. "కాత్యా, ఆయన పొరపాటు పడ్డాడు. నేను మైన్ అనలేదు. థాయ్‌లో మై అంటే కాదు, వద్దు అని. కంగారులో ఇంగ్లీషు రాలేదు. వెళ్ళి చెప్పనా?"

కాత్యాయని స్టీరింగ్ మీద తల పెట్టుకుని పడీపడీ నవ్వింది. నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియదు. "వద్దు తల్లీ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆయన సిస్టమ్‌ని ఆయన్ని నమ్మనీ. అది సరే, ఆ రోజు నేను చెప్తే సరే అన్నావు, ఇవాళ వద్దన్నావు. ఎందుకని?"

కాంచన సీటు బెల్టు పెట్టుకుంది.

"నువ్వు అడగలేదు, చెప్పావు. అందరూ చెప్పేవాళ్ళే. ఇవాళ ఆయన అడిగాడు."

పార్కింగ్‌లో కార్లు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. కాత్యాయని ఇంజన్ స్టార్ట్ చెయ్యబోయి ఆగింది. ఇన్ని నెలల్లో తనూ ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తట్టింది. వాట్సప్‌లో చెయ్యి లేస్తే పట్టేసుకుంది, అంతే. ఆమె వైపు పూర్తిగా తిరిగి, పెళ్ళిచూపులకి వచ్చినట్టు ఇబ్బంది పడుతూ అడిగింది.

"కాంచనా, నాతో ఆడతావా?"

కాంచన కిటికీలోంచి టైల్స్ షాపు వైపు చూస్తూ ఆలోచించడం మొదలుపెట్టింది. ఆలోచించుకునే వీలు దొరకడం ఆమెకి చాలా నచ్చినట్టుంది. కాత్యాయని తొందరపెట్టకుండా కూర్చుంది.